దేహమునకు తలారులు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



ముప్పది యేండ్లు నిండకముందే నడుము పట్టివేసి, తెల్లవారుజామున మంచము దిగలేని యువకుల నెరుగుదుము. ఒంటిపై పొలుసులు లేచినవని కొళాయివద్ద దూరముగా నిలువబెట్టబడిన స్త్రీల నెరుగుదుము. మొదటివానిని సోమరి యందురు. రెండవయామెను చూచి పాపఫలమందురు. రెండును పొరపాటే. ఈ రెండును శోథవ్యాధులు. అనగా, దేహరక్షణకు ఏర్పడిన బలగము దేహముపైననే తిరుగబడుటచే కలుగునవి.

మన రక్తములో టి కణములను తెల్లకణములు గలవు. ఇవి రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో శిక్షణ పొందును. వీనిలో పెక్కు న్యాయస్థానముల వంటివి. శత్రువు యొక్క మాంసకృత్తు ముక్కను మరియొక కణము సాక్ష్యముగా చూపిననే గాని కదలవు. వాని బలగము పెరుగుటకు కొన్ని దినములు పట్టును. మరికొన్ని పూర్వపు గ్రామ తలారుల వంటివి. చర్మము, ప్రేవులు, ఊపిరితిత్తులు, కాలేయము మున్నగు పొలిమేరలలో కాపుండి, ఆనవాలు కనబడినంతనే టముకు వేయును. వీనినే అసాంప్రదాయిక టి కణములందురు. గామా డెల్టా కణములు, మెయిట్ కణములు ఈ తెగలోనివే.

మెయిట్ కణములు గుర్తించు ఆనవాలేదో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2012లో కనుగొనిరి. బి2 విటమినును అనేక సూక్ష్మజీవులు స్వయముగా తయారుచేసుకొనును. మన దేహము చేసుకొనజాలదు. ఆ తయారీలో పుట్టు పదార్థమే దొంగ అడుగుజాడ.

ఈ తలారుల టముకులలో ఒకటి ఇంటర్‌ల్యూకిన్-17 అను పదార్థము. అది మ్రోగగా తెల్లకణములు గుమిగూడును. వాపు, ఎరుపు, వేడి, నొప్పి కలుగును. శత్రువు తొలగినపిదప టముకు ఆగవలెను. కొందరిలో ఆగదు. సోరియాసిస్ సోకిన చర్మములో గామా డెల్టా కణములును, వెన్నెముక శోథ గలవారిలో ఈ రెండు తెగల కణములును ఆ పదార్థమును అధికముగా వెలువరించుట పరిశోధకులు చూచిరి. వ్యాధికి ఇవియే ఏకైక కారణమని కాదు. వంశలక్షణములు, ఇతర కణములు కూడ తోడగును.

ఈ టముకు నాపు సూదిమందు అమెరికాలో 2015లో సోరియాసిస్‌కును, 2016లో వెన్నెముక శోథకును అనుమతింపబడినది. అయినను తలారి నోరు కట్టినప్పుడు దొంగకు సందు దొరకును. కావున అట్టి మందుకు ముందు క్షయ పరీక్ష చేయుదురు. సోరియాసిస్‌కు, కీళ్లవాతమునకు వాడు మెథోట్రెక్సేట్, భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలము. దీనిని ఈ వ్యాధులకు వారమున కొకసారి మాత్రమే వాడవలెను. దినదినము మ్రింగిన ప్రాణాపాయము. గర్భిణీ స్త్రీలు వాడరాదు.

సభ్యులారా, మీరు చేయదగిన పనులు నాలుగు. సోరియాసిస్ అంటువ్యాధి కాదని వార్డువార్డునను చాటింపుడు. కొళాయివద్ద ఎవరిని దూరముంచినను అడ్డుపడుడు. విశ్రాంతిలో పెరిగి, నడచినపుడు తగ్గుచు, మూడు నెలలు దాటిన నడుమునొప్పి గల యువకులను ప్రభుత్వ వైద్యునివద్దకు పంపుడు. పేరు చెప్పని మాత్రలతో ఒక్కరాత్రిలో వాపు తీయుదుమనువారిని నమ్మవలదని చెప్పుడు.

ఆలస్యమైనచో వెన్నుపూసలు కొందరిలో ఒకదానితో నొకటి అతుకుకొనును. వంగిన వెన్నును పిదప నిలబెట్టుట కష్టము. నేడు మీరు చెప్పు ఒక్కమాట సులభము.