కొత్తతార కాదు, జంటతార

1934వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీ, వేకువజాము. ఇంగ్లండులోని సఫోక్ మండలమున ప్రెంటిస్ అను న్యాయవాది మిథునరాశి దిక్కునుండి రాలు ఉల్కలను రాత్రి యంతయు గమనించి, అలసట తీర కొంతదూరము నడచి రావలెనని బయలుదేరెను. అభిజిత్తునకు చేరువగా, హెర్క్యులీస్ మండలమున, అంతకు మున్నెన్నడును లేని చుక్క యొకటి అతని కంటబడెను. దుర్భిణితో పనిలేకయే దానిని పోల్చగలిగెను. ఆకాశమున ఏ చుక్క ఎచ్చట ఉండవలెనో అతనికి కంఠస్థము. వెంటనే గ్రీనిచ్ వేధశాలకు టెలిఫోను చేసెను.

మనలో పెక్కుమందిమి ఆరుబయట పరుండి సప్తర్షులను, అరుంధతిని గుర్తుపట్టిన వారమే. ఐనను, ఒక చుక్క అధికముగా నున్నదని చెప్పగలవారము ఎందరము?

ఆ తార డిసెంబరు 22వ తేదీ నాటికి మొదటి తరగతి చుక్కలతో సరితూగెను. ఇట్టివానికి పాశ్చాత్యులు నోవా అని పేరిడిరి. లాటిన్ భాషలో క్రొత్తది అని దాని యర్థము. ఈ పేరు మనలను భ్రమ పెట్టుచున్నది. అచ్చట క్రొత్తగా పుట్టినది ఏదియు లేదు. పూర్వపు ఛాయాచిత్రములలో అదే తావున, కంటికి ఆనని మసకతార యొకటి కలదు. అదియే లక్ష రెట్లకు మించి వెలిగినది. 1935 ఏప్రిలులో అది దిఢాలున క్షీణించెను. ఎగజిమ్మబడిన వాయువు చల్లబడి ధూళియై తారను కప్పివేసినదని నేటి అభిప్రాయము.

చుక్క మాసిపోగానే లోకము దానిని మరచెను. అసలు రహస్యము మాత్రము ఇరువది యేండ్ల తరువాత బయటపడినది. మా దృష్టిలో ఈ కథకు ఆయువుపట్టు అదియే. 1954లో అమెరికా శాస్త్రజ్ఞుడు మెర్ల్ వాకర్ ఆ మసకతార వెలుగును కొలుచుచు, 4 గంటల 39 నిమిషముల కొకసారి దానికి గ్రహణము పట్టుచున్నట్లు కనుగొనెను. గ్రహణము పట్టవలెనన్న అడ్డువచ్చునది మరియొకటి ఉండవలెను గదా! ఒంటరిదనుకొన్న తార జంటతార యని తేలినది. ఆ పిమ్మట రాబర్ట్ క్రాఫ్ట్ మొదలగువారు ఇతర నోవాలను పరిశీలించి, జంటగా నుండుట వాని కన్నింటికిని సామాన్య లక్షణమని గ్రహించిరి.

ఆ జంటలో ఒకటి శ్వేతకుబ్జతార. లోని ఇంధనము తీరిపోయి, మిక్కిలి దట్టముగా కుదించుకొనిపోయినది. రెండవది ఎఱ్ఱని చిన్నతార. రెంటి నడుమ దూరము మన సూర్యుని వ్యాసము కన్నను తక్కువ. అంత చేరువగుటచే ఎఱ్ఱతార నుండి ఉదజని వాయువు జారి, సుడులు తిరుగుచు, శ్వేతతారపై పొరగా పేరుకొనును. వేల యేండ్లు పేరుకొనిన పిమ్మట అడుగున వేడిమి, ఒత్తిడి మితిమీరి ఆ పొర ఉదజని బాంబు వలె ప్రేలును. తార మాత్రము నశింపదు. పైపొర ఎగిరిపోగానే మరల మొదటినుండి కూడబెట్టుకొనసాగును.

1934లో ప్రెంటిస్ చూచిన వెలుగు సుమారు 1,600 ఏండ్లు ప్రయాణించి వచ్చినది. ఆనాడు ఎగసిన వాయువు నేటికిని ఆ జంటచుట్టు డొల్లవలె విస్తరించుచు, పెద్ద దుర్భిణులకు కనబడుచున్నది. శ్వేతతార తన చుట్టు తాను అతివేగముగా తిరుగుటచే, 71 సెకండ్ల కొకసారి దాని కాంతి ఒకింత అదరును. మనము మాటలాడిన ఈ కొలది నిమిషములలోనే పలుమార్లు అదరినది.