తవ్వకముందే నీటిదారి తెలియవలెను

(జి.కొండూరులో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



నేడు ఏ గ్రామమునకు వెళ్ళినను ఏదో ఒక నిర్మాణము సాగుచునే యున్నది. క్రొత్త ఇండ్లు, సిమెంటు రోడ్లు, పాఠశాల గదులు, మంచినీటి గొట్టములు, ఇండ్ల స్థలముల లే అవుట్లు, ఇవన్నియు మన అభివృద్ధికి గుర్తులు. వీనిని చూచి సంతోషింపని వారుండరు. అయితే ఈ పనులన్నింటికిని మొదటి మెట్టు ఒక్కటే. అది నేలను త్రవ్వుట. త్రవ్విన నేలమీద పెద్దవాన కురిసినపుడు ఆ మన్ను ఎక్కడికి పోవును? ఈ ప్రశ్నకు జవాబును వాన వెలసిన తరువాత గాక, గునపము నేలను తాకకముందే చెప్పుకొనవలెనని మనవి చేయుటకు నేను మీ ముందుకు వచ్చినాను.

మన మెట్ట, మన బుడమేరు

పూర్వము కృష్ణాజిల్లా మెట్టప్రాంతమై, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ జి.కొండూరు మండలము కొండల పాదమున నున్నది. కొండపల్లి కొండలమీదను, మైలవరము వైపు మెరకలమీదను పడిన వాన వాగులుగా దిగివచ్చి బుడమేరులో కలియును. ఈ మండలములోని వెలగలేరు వద్దనే బుడమేరుపై రెగ్యులేటరు ఉన్నది. అక్కడినుండి మళ్ళింపు కాలువ కొంత నీటిని కృష్ణానదికి చేర్చును. రెగ్యులేటరు దాటిన నీరు విజయవాడ మీదుగా కొల్లేటికి పోవును. కొల్లేటినుండి ఉప్పుటేరు ద్వారా సముద్రములో కలియును. కావున మన ఊరి మెరకమీద కదలిన మన్నునకు ఊరి చెరువు మొదలు కొల్లేటివరకు దారి తెరచియే యున్నది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలనాటి వర్షములను మీలో ఎవరును మరువజాలరు. బుడమేరు మళ్ళింపు కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడినవి. విజయవాడ నగరములో వేలాది కుటుంబములు రోజులతరబడి నీటిలో చిక్కుకొన్నవి. గండ్లను పూడ్చుటకు సైన్యము సహితము రావలసివచ్చినది. సెప్టెంబరు 7 నాటికి గాని ఆ పని ముగియలేదు. నిర్మాణ స్థలముల మన్నువల్లనే ఆ వరద వచ్చినదని నేను చెప్పుటలేదు. అంతటి వాన కురిసినపుడు ఏ వాగైనను పొంగును. కాని వాగు కడుపు పూడియున్నప్పుడు ఆ పొంగు మరింత ముందుగా గట్టు దాటుననుట రైతునకు ఒకరు చెప్పవలసిన మాట కాదు. వానను మనము ఆపజాలము. వాగులోనికి మన్ను పోకుండ ఆపుట మన చేతిలోని పని.

మన్ను ఎట్లు కదలును?

గడ్డితోను, చెట్లతోను కప్పబడిన నేలమీద వానచినుకు నేరుగా తగులదు. ఆకు దానిని పట్టును, వేరు మన్నును పట్టును. బుల్డోజరు ఆ పచ్చదనమును గీకివైచిన మరుక్షణమున నేల దిక్కులేనిదగును. చినుకు దెబ్బకు మట్టిగడ్డ చిట్లును, చిట్లిన రేణువులను పారునీరు మోసికొనిపోవును. వాలున దిగునపుడు నీటివేగము రెట్టింపైనచో దాని కోతశక్తి నాలుగింతలగును. నిర్మాణ స్థలమునుండి కొట్టుకొనిపోవు మన్ను సాగుభూమినుండి పోవుదానికంటె 10 నుండి 20 రెట్లు అధికమనియు, అడవి నేలతో పోల్చినచో 1,000 నుండి 2,000 రెట్లు ఉండుననియు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థవారు లెక్కగట్టినారు.

మన లెక్క మనము వేసికొందము. ఒక ఎకరముమీద 10 సెంటీమీటర్ల వాన పడినచో ఆ నీరు సుమారు 4 లక్షల లీటర్లు. ఆ ఎకరములో ఒక్క సెంటీమీటరు మందమున మన్ను కొట్టుకొనిపోయినచో అది 40 ఘనపు మీటర్లు. ట్రాక్టరు తొట్టికి 3 ఘనపు మీటర్లు పట్టునని అనుకొన్నచో, పదమూడు ట్రాక్టర్ల మన్ను. పది ఎకరముల లే అవుట్‌నుండి అయితే నూట ముప్పదికి పైగా ట్రాక్టర్ల మన్ను. ఇంత మన్నును ఎవరైనను పట్టపగలు తెచ్చి మన చెరువులో పోసినచో ఊరంతయు అడ్డగించును. వాన తెచ్చి పోసినచో మాత్రము ఎవరును అడుగరు.

"చెరువు మట్టి పొలమునకు బలమే గదా, వచ్చిన నష్టమేమి?" అని కొందరందురు. ఏండ్లతరబడి చేలనుండి చేరిన ఒండ్రునకు బలము కలదు. పునాదులనుండియు, కొండ తొలచిన చోటనుండియు వచ్చు గ్రావెలునకు, లోపలి మన్నునకు ఆ సారము లేదు. అందలి మెత్తని జిగురుమన్ను చెరువు అడుగున పొరగా పరచుకొని నీరు లోనికి ఇంకకుండ చేయును. చెరువులో నిలుచు నీరు తగ్గును, చుట్టుప్రక్కల బావులకు, బోర్లకు ఊట తగ్గును. తూములు పూడును, అలుగు వేళకాకముందే పారును. మన్నుతోపాటు సిమెంటు కడిగిన నీరు, డీజిలు, రంగులు కూడ చేరును. సిమెంటు నీరు సున్నపు నీటివలె ఘాటైనది. అది చేపలకు హానికరము, పశువులు త్రాగదగినది కాదు.

పూడిక తీయుటకంటె ఆపుట మేలు

పూడిక తీయుటకు ప్రభుత్వములు ఎంతో ధనము వెచ్చించినవి. పొరుగున తెలంగాణములో 2015లో మొదలిడిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను పునరుద్ధరింప సంకల్పించినది. మన రాష్ట్రమునను నీరు–చెట్టు క్రిందను, ఉపాధి హామీ క్రిందను చెరువులలో పూడిక తీసినారు. ఒకవైపు ప్రజల సొమ్ముతో తట్టలకొలది తీయుచు, మరొకవైపు వాననీటితో బండ్లకొలది రానిచ్చుట చిల్లుకుండలో నీరు పోయుట వంటిది.

ఇందొక ముఖ్యవిషయము కలదు. కలకనీటిలోని సన్నఇసుక ఒక మీటరు లోతు దిగుటకు రెండు మూడు నిమిషములు చాలును. అంతకంటె సన్నని ఒండ్రురేణువునకు మూడు గంటలు పట్టును. మిక్కిలి మెత్తని జిగురుమన్నునకు పది, పన్నెండు దినములు పట్టును. అనగా గుంట త్రవ్వి నీటిని నిలిపినచో ఇసుక ఆగును గాని, ఎర్రని కలక ఆగదు. చెరువును చెరుచునది ఆ కలకయే. అందుచేత మన్ను కదలిన తరువాత పట్టుకొనుట రెండవ పని. కదలకుండ కప్పియుంచుట మొదటి పని. ఆ మొదటి పని ముందు ఆలోచన లేనిదే సాగదు.

అడుగవలసిన ఆరు ప్రశ్నలు

లే అవుట్‌కో, పెద్ద కట్టడమునకో అనుమతి కోరి ఎవరైనను వచ్చినపుడు ఒక్క కాగితముమీద ఈ ఆరు ప్రశ్నలకు జవాబులు వ్రాయించి తీసికొనుడు.

1. నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవును? ఆ స్థలములోని వాలు, వాగు, బోదె, చెరువు దారి పటములో గీయవలెను. ఆ చేనిని దున్నిన పాతరైతును వెంటబెట్టుకొని ఒకసారి నడచినచో పటములో లేని దారి కూడ తెలియును.

2. పని ఏ కాలమున, ఎంతెంతగా? పది ఎకరములను ఒక్కసారిగా గీకి, మృగశిర కార్తెకు బోడిగా వదలివేయరాదు. రెండెకరములు త్రవ్వి, చదునుచేసి, కప్పిన తరువాతనే తక్కిన భాగమునకు పోవలెను. వాగు ఒడ్డున నున్న గడ్డిని, తుప్పలను కదల్పరాదు.

3. త్రవ్విన మన్ను ఎక్కడ పోయుదురు? వాగుగట్టున గాని, మురుగుకాలువ ప్రక్కను గాని పోయరాదు. పైమన్నును వేరుగా కుప్పవేసి, పట్టాతో గాని గడ్డితో గాని కప్పవలెను. చివరకు చెట్లు నాటుటకు ఆ పైమన్నే పనికివచ్చును.

4. పైనుండి వచ్చు నీటిని ఎట్లు మళ్ళింతురు, క్రింద మన్నును ఎట్లు నిలుపుదురు? స్థలమునకు పైభాగమున చిన్నగట్టు వేసినచో మంచినీరు ప్రక్కగా పోవును. క్రిందిభాగమున మన్ను నిలుపు గుంట ఉండవలెను. ఎకరమునకు ఒక అంగుళము వాన, అనగా సుమారు 100 ఘనపు మీటర్లు పట్టునంత గుంట త్రవ్వుట మంచి కొలత. చిన్న స్థలమైనచో అంచువెంట గుడ్డకంచె కట్టి, దాని అడుగును జానెడు లోతున పూడ్చవలెను. పారు బోదెలో రాళ్ళ అడ్డుకట్టలు వేయవలెను. వాగుకు అడ్డముగా గుడ్డకంచె కట్టినచో మొదటి వరదకే కొట్టుకొనిపోవును.

5. సిమెంటు యంత్రములను, పనిముట్లను ఎక్కడ కడుగుదురు? దానికి వేరుగా గుంట ఉండవలెను. లారీలు రోడ్డెక్కు చోట కంకరరాయి పరచినచో చక్రములకంటిన మన్ను అక్కడనే రాలును.

6. పని ముగిసినపిదప బోడినేలను ఎవరు, ఎన్నాళ్ళలో కప్పుదురు? వాలుగట్లపై వట్టివేరు నాటుట ఎంతయు మేలు. మన దేశపు మొక్కయే. దాని వేళ్ళు రెండు, మూడు మీటర్ల లోతునకు దిగి గట్టును పట్టును. మన్ను నిలుపు గుంట సగము పూడగనే తీయించు బాధ్యత ఎవరిదో ఆ కాగితములోనే పేరుతో సహా ఉండవలెను.

వ్రాయించి పెట్టెలో దాచినచో చాలదు. ప్రతి పెద్దవాన వెలసిన మరునాడు ఇద్దరు సభ్యులు అచ్చటికి పోయి చూడవలెను. ఏ బోదెలో నీరు ఎర్రగా పారుచున్నదో ఆ బోదెవెంట ఎగువకు నడచినచో తప్పు ఎక్కడనున్నదో కన్నులకే కనపడును.

మీ అధికారము, మీ బాధ్యత

రాజ్యాంగపు 73వ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో భూసంరక్షణ, చిన్నతరహా నీటిపారుదల, నీటి యాజమాన్యము, గ్రామీణ గృహనిర్మాణము, రోడ్లు ఉన్నవి. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము క్రింద లే అవుట్లకు, కట్టడములకు పంచాయతీ అనుమతి కావలెను. చెరువుల, వాగుల పరిరక్షణకు 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినది. మీరు విధింపదలచిన షరతులను పంచాయతీ కార్యదర్శితోను, ఇంజనీరుతోను సంప్రదించి, తీర్మానము చేసి, అనుమతి పత్రములోనే చేర్పించుడు. నోటిమాటగా చెప్పిన షరతు తొలివానతోనే కరగిపోవును.

ఇతరులను అడుగుటకు ముందు మన పనులను మనము చూచుకొనవలెను. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద ఇంటింటికి కుళాయి కొరకు ఎన్నో వీధులను త్రవ్వినారు. గొట్టము వేసి, మన్నును కాలువ ప్రక్కనే వదలివేసినచో తొలకరికి అది కాలువలో చేరును, మురుగు ఇండ్లలోనికి ఎగదన్నును. ఒకనాటికి ఎంత గొట్టము వేయగలరో అంతమేరకే త్రవ్వి, ఆ సాయంకాలమే పూడ్చవలెనని గుత్తదారు ఒప్పందములో వ్రాయించుట మీ చేతిలోనే ఉన్నది. దానికి పైసా ఖర్చు లేదు.

ఇట్టి షరతులు పెట్టినచో అభివృద్ధి ఆగునని కొందరి భయము. "పట్టాభూమి నాది, నా యిష్టము" అను వారును కలరు. భూమి వారిదే, కాదనుటలేదు. కాని ఆ భూమిమీద పారిన నీరు ఊరందరిది. లాభము ఒకరికి, పూడిక పదిమందికి అగుట న్యాయము కాదు. షరతు పెట్టుట పనిని ఆపుటకు కాదు, పనిని తిన్నగా సాగించుటకే. అమెరికాలో 1990 నాటి నిబంధనలు 5 ఎకరములు, అంతకుమించి నేలను కదల్చు పనులకు ముందుగానే ఇట్టి ప్రణాళికను వ్రాయవలెనని శాసించినవి. 1999లో ఆ హద్దును ఒక ఎకరమునకు దించినారు. అందువలన అక్కడ ఇండ్లు కట్టుట ఆగలేదు. ఖర్చు విషయమునకు వచ్చినచో, గడ్డి కప్పుట, గట్టు వేయుట, గుంట త్రవ్వుట మన రైతులకు చేతకాని విద్యలు కావు. చేను కోసికొనిపోకుండ గట్టు వేయు రైతు చేయు పనియే ఇది. చేనికి పనికివచ్చిన తెలివి లే అవుట్‌కు పనికిరాకపోదు.

సోదరులారా, వాన రాకడ ఎవరికిని తెలియదని పెద్దలన్నారు. కాని వాన వచ్చినపుడు నీరు ఏ దారిని పోవునో తెలిసికొనుట మనకు సాధ్యమే. రాబోవు సమావేశములో మీ గ్రామమున ప్రస్తుతము సాగుచున్న నిర్మాణములన్నింటిని ఒక పట్టికగా వ్రాయుడు. వానిలో చెరువునకు, వాగునకు ఎగువన ఉన్నవి ఏవో గుర్తుపెట్టుడు. తొలకరికి ముందే ఆ స్థలములకు మొదట పోయి, ఆ ఆరు ప్రశ్నలు అడుగుడు. జి.కొండూరు మండలములోనే గాక నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో మునేటికి, పాలేటికి నీరు దింపు గ్రామములవారు కూడ ఈ పనికి పూనుకొన్నచో, దిగువనున్న మనకు తెలియని ఊళ్ళవారికి సహితము మేలుచేసినవారమగుదుము. చెరువు మన తాతలు మనకు నిండుగా ఇచ్చిపోయిరి. దానిని మన మనుమలకు పూడ్చి అప్పగింపకుందుము గాక.