అరచేతిలో పట్టే గరారీ



కాచిగూడ స్టేషన్ అందరికీ తెలుసు. దానిని 1916లో కట్టారు. నిజాం రైల్వేకు అప్పట్లో అది ముఖ్య స్థానం. ఆ రైల్వే వాళ్లే 1932లో 27 బస్సులతో రోడ్డు మీద కూడా బండ్లు నడపడం మొదలుపెట్టారు. కాబట్టి ఇంజిను పని మన ఊరికి కొత్త కాదు.

ఈ రోజు మాట్లాడుకునేది ఒక చిన్న పళ్ల చక్రం గురించి. షెడ్లలో దీన్ని గరారీ అంటారు, గేరు అంటారు. అరచేతిలో పడుతుంది. అది అరిగితే అంబాసిడర్ కారు ఉన్నచోటే నిలబడిపోతుంది.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్త పెట్రోలు కార్లలో ఈ గరారీ ఉండదు. ఆ పని కంప్యూటరు చూసుకుంటుంది. కానీ పాత కార్లను ఇష్టంగా ఉంచుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాటి పని తెలిసిన ఉస్తాదులకేమో వయసు మళ్లింది. నేర్చుకునే కుర్రాడు ఇప్పుడే నేర్చుకోవాలి.

ఈ గరారీ ఏం చేస్తుంది? ఇంజినులో నాలుగు సిలిండర్లు, నాలుగు ప్లగ్గులు ఉంటాయి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. కాయిల్ దాన్ని వేల వోల్టులు చేస్తుంది. ఆ కరెంటును ప్లగ్గులకు వంతులవారీగా పంచేది డిస్ట్రిబ్యూటర్. దాని లోపల తిరిగే రోటర్, పెళ్లి పంక్తిలో వడ్డించే మనిషి చెయ్యి లాంటిది. అయితే పంక్తిలో లాగా 1, 2, 3, 4 అని పోదు. 1, 3, 4, 2 అని పోతుంది. ఇంజిను రెండు చుట్లు తిరిగితే రోటర్ ఒక చుట్టు తిరుగుతుంది. దాన్ని తిప్పేదే ఈ గరారీ. దీన్ని తిప్పేది ఇంజిను లోపలి క్యామ్ షాఫ్టు.

కాచిగూడలో ఒక షెడ్డు ఉందనుకుందాం. ఒక పాత అంబాసిడర్‌ను తోసుకుంటూ తెచ్చారు. సెల్ఫ్ కొడితే ఇంజిను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. అక్కడ పనిచేసే కుర్రాడు డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. ఇంజిను తిరుగుతున్నా రోటర్ కదలడం లేదు.

ఇక్కడ తొందరపడితే తప్పు పని చేస్తాం. వాల్వుల మూత తీసి చూడాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు వాల్వులు కూడా కదలకపోతే తెగింది టైమింగ్ చైను. వాల్వులు కదులుతూ రోటర్ మాత్రం నిలిచిపోతే అనుమానం గరారీ మీదికి పోవాలి. పూర్తిగా పోకముందే కనిపెట్టే మార్గమూ ఉంది. ఇంజిను ఆపి రోటర్‌ను తిరిగే వైపుకు కొంచెం తిప్పితే స్ప్రింగులాగా వెనక్కి రావాలి. అలా రాకుండా ఇటూ అటూ లొడలొడ ఆడితే పళ్లు అరిగినట్టు. డిస్ట్రిబ్యూటర్ కింది నాలుక అరిగినా అలాగే ఆడుతుంది. రెండూ చూడాలి.

విప్పే ముందు కుర్రాడు బ్యాటరీ వైరు తీశాడు. ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపుది. దాని రెండు వాల్వులూ మూసుకుని, పిస్టన్ పైకొచ్చి, పుల్లీ మీది గుర్తు ముల్లుకు ఎదురుగా వచ్చేదాకా ఇంజినును చేత్తో తిప్పాడు. తరవాత జేబులోంచి కాగితం తీశాడు.

"ఏం రాస్తున్నవ్ రా?" అన్నాడు ఉస్తాద్.

"వైర్ల నంబర్లు రాసుకుంటున్న ఉస్తాద్."

"నాకు ముప్పై ఏండ్ల సంది కాగితం లేకుండనే గుర్తుంది."

ఉస్తాద్‌కు గుర్తుంటుంది, నిజమే. కానీ పని సగంలో ఉండగా ఉస్తాద్ సామాను కోసం రాణిగంజ్ పోతే? రాత్రయి, మిగతా పని రేపటికి పడితే? కుర్రాడు నాలుగు అంకెలు వేశాడు, రోటర్ ఎటు చూస్తోందో గీత గీశాడు.

చాలా ఇంజిన్లలో గరారీ డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుకే పిన్నుతో బిగించి ఉంటుంది. పిన్ను కొట్టి తీసి మార్చాలి. అంబాసిడర్ పాత 1489 సి.సి. ఇంజినులో అలా కాదు. డిస్ట్రిబ్యూటర్ తీసినా గరారీ లోపలే ఉంటుంది. దాని తల మీద ఒక గాడి, మధ్యలో మరలు ఉంటాయి. గాడి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్క వెడల్పు ఎక్కువ. ఆ గాడి ఎటు ఉందో కూడా కాగితం మీద గీసుకోవాలి. పైన బిగించిన గొట్టం తీసి, 5/16 అంగుళం సన్న మరల బోల్టును ఆ మరల్లో ఎక్కించి లాగితే గరారీ తిరుగుతూ పైకొస్తుంది.

కొత్తది పెట్టేటప్పుడే అసలు చిక్కు. పళ్లు ఏటవాలు కదా, లోపలికి దిగుతూ అది కొంత తిరుగుతుంది. అందుకని కొంచెం ముందే తిప్పి పెట్టాలి. పూర్తిగా కూర్చున్నాక గాడి బొమ్మలో గీసినట్టే ఉండాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా మళ్లీ తీసి పెట్టాల్సిందే. "నడుస్తుందిలే" అనకూడదు.

ఎందుకంటే, నిప్పు వేళకు ముందే పడితే ఇంజిను వెనక్కి తన్నుతుంది. అంబాసిడర్‌ను హ్యాండిల్ వేసి తిప్పేవాళ్లకు ఇది తెలుసు. ఆ దెబ్బకు మణికట్టు విరుగుతుంది. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టి పట్టకూడదు. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టి, టైమింగ్ చూశాకే బండి అంటించాలి.

ఇంకో మాట. గరారీ ఊరికే అరగదు. నూనె మార్చక మురికైతే అరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు ఎండిపోయి బిగుసుకుంటే పళ్ల మీద బరువు పడుతుంది. ఆ షాఫ్టు చేత్తో తేలిగ్గా తిరగాలి. అరిగిన ఇనుప పొడి నూనెలో కలిసి ఉంటుంది, కాబట్టి నూనె, ఫిల్టరు రెండూ మార్చాలి. లైటు వేసి లోపల క్యామ్ షాఫ్టు పళ్లు కూడా చూడాలి. అవి పోయుంటే కొత్త గరారీ నిలవదు. అది ఇంజిను విప్పే పని, ఖర్చు ఎక్కువ. ఆ సంగతి బండి యజమానికి గరారీ కొనకముందే చెప్పాలి. కొన్నాక చెబితే గొడవ అవుతుంది.

బండి వెళ్లిన పది రోజులకు మళ్లీ రమ్మనాలి. మూత తీసి రోటర్‌ను ఒకసారి కదిపి చూడాలి.