మంచాన పడకముందే వీలునామా



ప్రత్తిపాడు పత్తి, మిరప చేలల్లో మన పేరు మీద ఉన్నవీ ఉన్నాయి. మన తర్వాత అవి ఎవరికి చెందాలో చెప్పే హక్కు మనదే. కానీ జబ్బుతో మంచాన పడ్డాక వేలిముద్ర వేస్తే, "అప్పటికి అమ్మకు మతి లేదు" అని పిల్లలే కోర్టుకెక్కొచ్చు.

1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మతిస్థిమితం ఉన్న మేజరు ఎవరైనా వీలునామా రాయొచ్చు. ముసలితనం, చదువు రాకపోవడం అడ్డం కావు. ఏ ఆస్తి ఎవరికి ఇస్తున్నామో మనకు తెలిసి ఉండాలి. ముస్లిం అక్కచెల్లెళ్లకు మాత్రం నియమాలు వేరు.

మైసూరు వైపు ఒకామె వీలునామాను 1958లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దాన్ని దగ్గరుండి రాయించినాయన వైపువాళ్లకే అందులో లాభం ఉంది. అలాంటప్పుడు అనుమానం తీర్చాల్సింది ఆ వీలునామా తెచ్చినవాళ్లేనంది.

అందుకని ఆస్తి వచ్చేవాళ్లను దూరంగా ఉంచే రాయించుకుందాం. చదివించుకుని విందాం. మన సంతకమో వేలిముద్రో కళ్లారా చూసిన ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. వాళ్లు ఆస్తి రానివాళ్లు, మనకన్నా చిన్నవాళ్లు అయితే మేలు. తెలివిగానే ఉన్నామని ఆ రోజే డాక్టరు చేత రాయించుకుంటే ఇంకా గట్టి. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే మంచిది.

వీలునామా రాస్తే చేను చేయి దాటిపోతుందని భయపడొద్దు. మతి బాగున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్టు డీడు అలా కాదు, పొలం అప్పుడే వాళ్లదైపోతుంది. సంతకం అడిగితే, అది ఏ కాగితమో ముందు అడుగుదాం.