మనవాడు ప్రధాని యైన దినము

1991 జూన్ 21వ తేదీన రాష్ట్రపతి వెంకటరామన్ సమక్షమున పాములపర్తి వెంకట నరసింహారావుగారు ప్రధానమంత్రిగా ప్రమాణ మొనర్చిరి. తెలుగువారిలో ఆ పదవి నందిన ప్రథములు వారే. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వాసులమగు మనము (అప్పుడు మనది చాలవరకు వరంగల్లు జిల్లాయే) లక్నేపల్లిలో పుట్టిన మనవాడని పొంగితిమి. పొంగుట సహజమే.

అయితే ఆ దినమున వారు పార్లమెంటున ఏ సభయందును సభ్యులు కారు. ఆ యేటి ఎన్నికలలో నిలువక విశ్రాంతికి సిద్ధపడిన వారాయె! సభ్యుడు కానివాడు ఆరునెలలకు మించి మంత్రిగా నుండరాదని రాజ్యాంగ నియమము. మంథని వారిని 1957 మొదలు నాలుగు పర్యాయములు శాసనసభకు పంపినది. ఆ నియోజకవర్గమందలి కాటారము, మహాదేవపూరు నేడు భూపాలపల్లి జిల్లాలోనివి. మన హనుమకొండ రెండుమార్లు లోక్‌సభకు పంపి, 1984లో కాదన్నది. ఇక ప్రధానమంత్రికే ఒక స్థానము వెదకవలసి వచ్చినది. గడువులోపల, నవంబరులో, వారిని గెలిపించి పంపినది మనము కాదు. కృష్ణ కావలనున్న నంద్యాల.