ఆంగ్లక్రియల వెంట నడచు చిన్నమాటలు

రేడియో మీటను త్రిప్పుటకు ఇంగ్లీషున నాలుగు మాటలు కలవు. టర్న్ ఆన్ అనగా పలికించుట, టర్న్ ఆఫ్ అనగా ఆపుట, టర్న్ అప్ అనగా ధ్వనిని హెచ్చించుట, టర్న్ డౌన్ అనగా తగ్గించుట. ఇంతవరకు చిక్కు లేదు. కాని అతిథి టర్న్ అప్ అయినాడన్నచో వచ్చినాడని అర్థము; దరఖాస్తును టర్న్ డౌన్ చేసినారన్నచో నిరాకరించినారని అర్థము. ఇక్కడ త్రిప్పుటయు లేదు, ఎక్కుటయు దిగుటయు లేదు.

క్రియకు అప్, డౌన్, ఆఫ్ వంటి చిన్నమాట తోడై క్రొత్త అర్థమిచ్చు ఇట్టి జంటలను ఫ్రేజల్ వెర్బులందురు. పరదేశీయులకు ఇవి మిక్కిలి కష్టము కలిగించునని శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలోనే గుర్తించినాడు.

అయినను ఈ పోకడ మనకు బొత్తిగా క్రొత్తది కాదు. న్యాయస్థానము దావాను కొట్టివేసినదన్నచో ఎవరికిని దెబ్బ తగులలేదు. రోగిని కనిపెట్టియుండుట వేరు, యంత్రమును కనిపెట్టుట వేరు. ఈ మాటలను మనము విడదీసి అర్థము చెప్పుకొనము. వాక్యముతో సహా విని నేర్చితిమి. ఇంగ్లీషు జంటలను సైతము ఒక్క మాటగానే గ్రహింపవలెను.

గ్రహింపనిచో నష్టము కలుగవచ్చును. ఇంటర్వ్యూను పుట్ ఆఫ్ చేసితిమని ఉత్తరము వచ్చినచో వాయిదా వేసినారని అర్థము. కాల్ ఆఫ్ చేసితిమన్నచో రద్దు చేసినారని అర్థము. మొదటిదానిని రెండవదిగా తలచిన అభ్యర్థి, మరియొక తేదీకై ఎదురుచూడక, అవకాశమునే పోగొట్టుకొనును. అట్లే పాస్ అవే అనగా మరణించుట, పాస్ అవుట్ అనగా స్పృహ తప్పుట. కళాశాల చదువు ముగించుటకు మన దేశమున పాస్ అవుట్ అనుట వాడుకలో ఉన్నది; విదేశీయులకు వ్రాయునప్పుడు గ్రాడ్యుయేట్ అను మాట వాడుట క్షేమము.

మాటల వరుసయు ముఖ్యమే. సభను వాయిదా వేయుటను గూర్చి చెప్పునప్పుడు పుట్ ఆఫ్ ద మీటింగ్ అనవచ్చును, పుట్ ద మీటింగ్ ఆఫ్ అనియు అనవచ్చును. సభకు బదులు సర్వనామము వచ్చినచో అది నడుమనే నిలువవలెను: పుట్ ఇట్ ఆఫ్. కాని కొన్ని జంటలు విడవు. ఆమెను చూచుకొనుమనుటకు లుక్ ఆఫ్టర్ హర్ అనియే అనవలెను. వెదకుట అను అర్థమున లుక్ ఫర్, విచారించుట అను అర్థమున లుక్ ఇన్‌టు కూడ ఇట్టివే.

విద్యార్థులు పలువురు లుక్ తోడి జంటలన్నింటిని ఒక్క పట్టికగా వ్రాసి వల్లె వేయుదురు. అన్నియు ఒక్క తీరుగ ధ్వనించుటచే పరీక్షనాటికి ఒకదాని అర్థము మరొకదానికి అంటుకొనును. అంతకంటె దినమునకు ఒక జంటను ఎన్నుకొని, ఇంటి పనులను గూర్చి దానితో రెండు వాక్యములు వ్రాసి, పైకి చదువుట మేలు. ఇంగ్లీషు వార్తలు వినునప్పుడు అట్టి జంట చెవిని పడినచో, అది వచ్చిన వాక్యమును పూర్తిగా వ్రాసికొనుడు. తరువాత నిఘంటువులో చూచునప్పుడు క్రియయొద్ద ఆగిపోక, దానివెంటనున్న చిన్నమాటతో కలిపి వెదకుడు.