దారి చెప్పేదెవరు?

(బన్సీలాల్‌పేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బస్తీ ఆడపిల్లల చదువనగానే మనం సీటు, ఫీజు, బస్సు, హాస్టల్ గురించి మాట్లాడుకుంటాం. సీటొచ్చాక కాలేజీలో ఆ పిల్లకు దారి చెప్పేదెవరన్న ప్రశ్న మాత్రం వేసుకోం.

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు 'దోస్త్' ద్వారా ఆన్‌లైన్లో జరుగుతున్నాయి. ఏ కాలేజీ, ఏ కోర్సు అన్నది విద్యార్థే ఎంచుకోవాలి. చదువుకున్న తల్లిదండ్రులుంటే ఇంట్లో అడుగుతారు. నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లి కూతురు ఎవరినడగాలి? నెట్ సెంటర్ కుర్రాణ్ణి. మూడేళ్ల చదువును అతను పది నిమిషాల్లో నింపేస్తాడు. తప్పు అతనిది కాదు. చెప్పవలసినవాళ్లు చెప్పకపోవడమే తప్పు.

నేను కలిసిన ఒకమ్మాయి రెండో ఏడాదిలో కాలేజీ మానేసింది. టైఫాయిడ్ వచ్చి నెల రోజులు పోలేదు. హాజరు 75 శాతం కంటే తగ్గింది, ఇక పరీక్ష రాయనివ్వరని తోటివాళ్లన్నారు. డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, జరిమానా కట్టి, కొంత కొరతను మాఫీ చేయించుకునే వీలు చాలా విశ్వవిద్యాలయాల నిబంధనల్లో ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఎవరినీ అడగలేదా అంటే, "సార్‌ని ఎట్ల అడగాలె మేడం, నా పేరు గూడ తెల్వదు ఆయనకు" అంది. ఆమె లెక్కల్లో 'డ్రాపౌట్' అయింది. చదువు మానింది ఆమె అని రాసుకుంటాం. ఆమెను వదిలేసింది కాలేజీ అని ఎక్కడా రాయం.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. 25 మందికి ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో చదువు పూర్తయ్యేదాకా సలహాదారుగా ఉండాలని యు.జి.సి. 2015లో మార్గదర్శకాలిచ్చింది. విశాఖపట్నంలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా చిన్న బృందాలకు మెంటర్లను కేటాయించాలంది. కానీ మెంటర్ రిజిస్టర్లు న్యాక్ బృందం రాబోయే వారంలో హడావుడిగా నిండడం నేను చూశాను.

అధ్యాపకుల పక్షం కూడా చూడాలి. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్ ఏ గంటలో విద్యార్థిని మాట వింటుంది? 'మీరు అమ్మలాంటివారు' అని ఈ పనంతా ఆడవాళ్ల మీదే రుద్దడం కూడా మనకు సమ్మతం కాదు. సలహా చెప్పడం దయ కాదు, పని. దానికి టైంటేబుల్లో గంటా, జీతంలో లెక్కా ఉండాలి. 'ఆడపిల్లవు, నీకిది చాలు' అనేది సలహా కాదు, పితృస్వామ్యం.

అందుకే మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. మొదటి వారంలోనే ప్రతి విద్యార్థినికీ తన మెంటర్ ఎవరో తెలియాలి. పరీక్ష ఫీజు గడువుకు ముందే హాజరు, బ్యాక్‌లాగులు, స్కాలర్‌షిప్ దరఖాస్తు కూర్చుని చూడాలి. మాట్లాడే చోటు నలుగురికీ కనబడేలా ఉండాలి. నచ్చకపోతే మెంటర్‌ని మార్చమనే హక్కుండాలి.

కాలేజీలు తెరిచాక మనలో ఇద్దరిద్దరం మన బస్తీ పిల్లలు చదివే కాలేజీలకు వెళ్లి, మెంటర్ల జాబితా చూపించమని ప్రిన్సిపాల్‌ను అడుగుదాం. తర్వాత అందులో పేరున్న పిల్లల్నే అడుగుదాం: "నీ మెంటర్‌కి నీ పేరు తెలుసా?"